తల దించిన మాట

మా బ్యాండులో నలుగురం. పేర్లు రాయను. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు, ఒకరికి పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు. ఊళ్ళ పేర్లతో సరిపెడతాను. గిటారు గూడూరు అమ్మాయి, వాళ్ళది నిమ్మకాయల వ్యాపారం. డ్రమ్స్ రేణిగుంట అబ్బాయి. బేస్ గిటారు పూతలపట్టు అబ్బాయి. పాడేది నేను, మాది నగరి. పాడేది అనడం మర్యాద కోసమే. మా అమ్మ లెక్కలో నాది 'దూడను పోగొట్టుకున్న ఎనుము' అరుపు.

మేం వాయించేది హెవీ మెటల్. తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెప్పాలంటే, గిటార్లు గరగరమంటాయి, డ్రమ్ములు తరుముతాయి, పాడేవాళ్ళు గొంతు అడుగునుంచి ఉరుముతారు. ఒక్క ముక్క అర్థం కాదు. కొన్ని దేశాల్లో ఇది వాయిస్తే జైల్లో పెడతారట. అక్కడి పిల్లలు నేలమాళిగల్లో తలుపులేసుకుని వాయిస్తారట. అది చదివి మేం ఏమీ చేయకుండానే గర్వపడేవాళ్ళం. తిరుపతిలో మమ్మల్ని ఎవరూ జైల్లో పెట్టలేదు. ఎర్ర పెన్ను వాడారు, అంతే.

ఆ అరుపు నేను మా కొట్టంలో నేర్చుకున్నాను. ఇంటి వెనక రేకుల కొట్టంలో మాకు నాలుగు మరమగ్గాలు. నాలుగూ ఆడుతుంటే పక్కన పిడుగు పడినా తెలియదు. ఎనిమిదో తరగతిలో లెక్కల పరీక్ష పోయిన రోజు అక్కడికెళ్ళి మొదటిసారి అరిచాను. ఎవరూ తిరిగి చూడలేదు. ఎంత హాయిగా అనిపించిందో! ఆ తర్వాత ఎవరి మీద కోపమొచ్చినా కొట్టంలోకే పోయేదాన్ని. ఒక్క జాగ్రత్త మాత్రం మరిచేదాన్ని కాదు. గోడ వైపు తిరిగి అరవాలి.

ఎందుకంటే మా కొట్టంలో మాటలు వినరు, చూస్తారు. ముప్పై ఏళ్ళు మగ్గాల మధ్య నిలబడి నాయనకు కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమచెవి సగం పోయింది. ఆ మూల కండెలు చుడుతూ అమ్మ పెదాలు కదిపితే, ఈ మూల నాయనకు మాట అందుతుంది. మా దగ్గర కూలికి నేసే అన్నలిద్దరూ అంతే. గొంతుతో పనిలేదు. గోడకు చెవులుంటాయంటారు గానీ, మా ఇంట్లో మనుషులకే చెవులు అంతంతమాత్రం. పైగా ఇంట్లో రహస్యం ఏది మాట్లాడాలన్నా కొట్టంలోకే పోతారు. మగ్గాలు ఆడుతుంటే పక్కింటికి వినపడదు కదా. అక్కకు వచ్చిన సంబంధం వద్దనుకున్నదీ, నన్ను తిరుపతిలో ఇంజినీరింగ్ చదివించాలనుకున్నదీ ఆ రొదలోనే.

ఒక్క విషయం మాత్రం ఆ రొదలో కూడా మాట్లాడం. నాయన చెవుల సంగతి. ఆయనకు వినపడదని ఊరందరికీ తెలుసు, ఆయన ముందు ఎవరూ అనరు. ఆయనా అనడు. ఫోన్ మోగితే అమ్మకిచ్చి, 'నేను పనిలో ఉండా' అంటాడు. పని లేకపోయినా సరే.

కాలేజీలో చేరిన రోజు నాయన నా పెట్టె మోసుకుని హాస్టలుకి వచ్చాడు. వార్డెన్ మేడం నాలుగు పేజీల హామీ పత్రం ఇచ్చింది. నాయన అన్నిచోట్లా సంతకాలు చేసి, "పాప జాగర్త, మేడం" అని చెప్పి, పుత్తూరు మీదుగా పోయే బస్సెక్కేశాడు. నా కాపీ నేను ఆ సాయంత్రం చదివాను. ఆరింటికి గేటు మూస్తారు. ఆదివారం బయటికి వెళ్ళాలంటే తండ్రి స్వయంగా వార్డెనుతో ఫోన్లో మాట్లాడాలి. తల్లి మాట చెల్లదు. మగపిల్లల హాస్టలుకి గేటు తొమ్మిదిన్నరకు మూయాలని వాళ్ళ పత్రంలో ఉంది. గేటైతే ఉంది గానీ దానికి తలుపులే లేవు.

నా ఇబ్బంది మీకు అర్థమయ్యే ఉంటుంది. మా నాయన ఫోన్లో మాట్లాడగలడు, అవతలి మాట వినలేడు. "వీడియో కాల్ చేయిస్తాను మేడం, చూసి మాట్లాడతాడు" అన్నాను ఒకసారి. "రూల్లో ఫోన్ కాల్ అని ఉంది, వీడియో అని లేదు" అంది ఆమె. ఇంటికి చెప్పలేదు. చెప్పాలంటే చెవుల సంగతి ఎత్తాలి. అందుకని మూడేళ్ళపాటు ఆదివారాలు హాస్టలు మెట్ల మీద కూర్చుని, ఎదురుగా మిగతా పిల్లలు వాళ్ళ నాయనల గొంతుల మీద గోవిందరాజుల గుడికీ, బజారుకీ, సినిమాకీ పోవడం చూశాను. ఆ మూడేళ్ళూ నాకు మేడం మీద కంటే నాయన మీద ఎక్కువ కోపం ఉండేది. చదవకుండా ఎందుకు సంతకం పెట్టాడు? పాలవాడి కాగితమైనా రెండుసార్లు చూసి పెడతాడే!

ఆ కోపమే పాటైంది. రాసింది నేనే. రేణిగుంట అబ్బాయి వాళ్ళ మామ గోడౌన్లో, మధ్యాహ్నం క్లాసులు ఎగ్గొట్టి, ఆరింటిలోపు గేటు దగ్గరుండేలా సాధన చేసేవాళ్ళం. తిరుగుబాటు సంగీతం అన్నమాట. ఐదున్నర బస్సుకి ముగిసేది.

కాలేజీ వార్షికోత్సవంలో పాడాలంటే పాట ముందుగా రాసి మూడు కాపీలు ఇవ్వాలి. ముగ్గురు లెక్చరర్ల కమిటీ చూస్తుంది. మా పాట చివర ఇలా ఉంటుంది:

ఆరు కొట్టింది, ఆడపిల్లకు రాత్రయింది
తొమ్మిదైనా మగపిల్లాడికి పొద్దు గుంకలేదు
తాళం వాళ్ళది
తాళంచెవి వాళ్ళది
సంతకం మా నాయనది

కాగితం వెనక్కి వచ్చేసరికి ఈ ఐదు లైన్ల మీదా ఎర్రగీతలున్నాయి. మొదటిదాని పక్కన 'అనవసరం' అని, రెండోదాని పక్కన 'పోలిక వద్దు' అని, చివరిదాని పక్కన 'తల్లిదండ్రులను లాగరాదు' అని రాసి ఉంది. కింద కమిటీ పెద్దసారు గుండ్రటి చేతిరాతతో ఒక సలహా కూడా ఇచ్చారు. 'ఈ లైన్ల స్థానంలో లా లా లా అని పాడుకోవచ్చు.'

గూడూరు అమ్మాయి ఆ కాగితం రెండు వైపులా తిప్పి చూసింది. తర్వాత అంది, "ఏం మే, నువ్వు అరిస్తే లా లా లా ఏదో, తాళం ఏదో ఎవురికి తెలస్తాది?"

"మచ్చా, నాకే తెలీదు, మూడు నెలల్నించి వాయిస్తా ఉండా" అన్నాడు పూతలపట్టు అబ్బాయి.

దాంతో నిర్ణయమైపోయింది. కమిటీకి లా లా లా ఉన్న కాపీ ఇచ్చాం. వేదిక మీద నేను ఐదు లైన్లూ పూర్తిగా పాడాను. పెద్దసారు మొదటి వరసలో కాపీ పట్టుకుని కూర్చుని, ఒక్కో లైనుకీ పెన్నుతో టిక్కు పెట్టారు. నేను 'తాళం వాళ్ళది' అని ఉరిమినప్పుడు లా లా లా దగ్గర టిక్కు పడింది. మెటల్ పాడటంలో ఇంత సుఖం ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. దిగాక ఆయన నన్ను పిలిచి, "చెప్పిన మాట విన్నారు, సంతోషం. ఉచ్చారణ మీద మాత్రం శ్రద్ధ పెట్టాలమ్మా" అన్నారు. తల ఊపాను.

ఆ ఆనందంలో బుద్ధి గడ్డి తినింది. నా రూమ్మేటు ముందు వరసలోంచి నా మొహం మీదికి జూమ్ చేసి తీసిన వీడియోని మా ఇంటి గ్రూపులో పెట్టాను. నాయనవైపు చుట్టాలందరూ ఉన్న గ్రూపు. కింద 'మా పాట, సార్లు మెచ్చుకున్నారు' అని కూడా రాశాను. చిన్నప్పట్నుంచి గోడ వైపు తిరిగి అరిచినదాన్ని, మూడేళ్ళు తిరుపతి నీళ్ళు తాగేసరికి గోడ సంగతే మరిచిపోయాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు గానీ, ఊదేది నోరే అయితే చెవిటివాడికి రాగం తప్ప అంతా తెలుస్తుంది.

మర్నాడు పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది.

"ఏం మే, ఆరింటికే తాళం ఏస్తారంట?"

నా చేతిలో పళ్ళ బ్రష్ అట్లాగే ఉండిపోయింది. "నీకెవరు చెప్పినారు?"

"ఎవురో సెప్పేదేంది? నోరు అంతపెద్దది తెరిసినావు, కనపడదా? కొట్టంలో అందరం సూస్తిమి."

కమిటీ ముగ్గురూ చెవులతో విని పట్టుకోలేని పాటను, మా కొట్టంలో నలుగురూ శబ్దం లేకుండా చూసి అప్పజెప్పారు. అన్నలిద్దరికీ రెండో లైను నచ్చిందట.

"మీ నాయన నాలుగు తూర్లు సూసినాడు" అంది అమ్మ. "పడుగు తెగి మూరెడు గుడ్డ పాడైపోతే కూడా సూసుకోలేదు. కడాకు సంతకం అన్నావంట గదా, ఆ యెనక మాట కాడ తల దించేసినావు. ఎంట్రుకలు అడ్డమొచ్చినాయి. ఎవురి సంతకమని అడగతా ఉండాడు."

మెటల్లో తల దించడం మామూలే. జుట్టు ముందుకు పడుతుంది, చూసేవాళ్ళు ఆవేశం అనుకుంటారు. నాది ఆవేశం కాదని నాకు తెలుసు. సాధనలో కూడా ఆ మాట దగ్గర తల తనంతట తానే వాలేది.

"ఆదివారం ఇంటికి రమ్మన్నాడు" అని అమ్మ ఫోన్ పెట్టేసింది. ఇంటికి రావాలంటే తండ్రి ఫోన్ చేయాలన్న సంగతి ఆమెకు ఎట్లా తెలుస్తుంది? ఒంట్లో బాగాలేదని డాక్టరు చీటీ తెచ్చుకుని బయటపడ్డాను.

ఆదివారం లోపల గ్రూపులో పెదనాయన మేల్కొన్నాడు. పుత్తూరులో ఉంటాడు, ఆయనా పాత నేతగాడే. 'ఆడపిల్ల నోరు అట్ల తెరిస్తే ఎవుడు చేసుకుంటాడు? తమ్ముడా, చదివింది చాలు, పిల్లని ఇంటికి తెచ్చెయ్' అని పెట్టాడు. దాని కింద ఎవరూ ఏమీ రాయలేదు. పెదనాయన మాటను మా నాయన జవదాటడం నేనెప్పుడూ చూడలేదు. బస్సులో కూర్చుని లెక్కేసుకున్నాను. వార్డెన్ సంతకం అని చెప్తే చాలు. తల దించిన మాట ఆయనకు కనపడలేదు, ఆయన నమ్ముతాడు. చదువు ఆగదు. నిజం చెప్తే చదువూ పోవచ్చు, నాయన మొహం చూసే ధైర్యమూ పోవచ్చు. వడమాలపేట దాటేసరికి వార్డెనే అని ఖాయం చేసుకున్నాను.

ఇంట్లో నాయన ఏమీ అడగలేదు. అన్నం తిన్నాక కొట్టం వైపు చూసి నడిచాడు. వెనకే వెళ్ళాను. ఆదివారమైనా మగ్గాలు ఆడుతున్నాయి. కిటికీ వెలుతురు నా మొహం మీద పడేలా నన్ను నిలబెట్టి, గొంతు లేకుండా అడిగాడు.

"సంతకం ఎవురిదన్నావు?"

వార్డెనుదని పెదాల దాకా వచ్చింది. కానీ ఆ మనిషి నా నోటివైపు చూస్తున్న చూపుంది చూశారూ, మగ్గం మీద పోగు తెగిందేమోనని చూసే చూపు అది. అంత శ్రద్ధగా నన్ను ఇంకెవరూ ఎప్పుడూ వినలేదు. అబద్ధం చెప్పలేకపోయాను.

"నీది, నాయనా."

అక్కణ్ణించి నేను ఆపలేకపోయాను. ఆరు గంటల గేటు, తల్లి మాట చెల్లదన్న రూలు, తండ్రే ఫోన్లో మాట్లాడాలన్న రూలు, మూడేళ్ళ ఆదివారాలు, మెట్లు, అన్నీ చెప్పేశాను. ఏడుస్తూ చెప్పాను. ఏడిస్తే పెదాలు వణుకుతాయి, చదవడం కష్టం. రెండుసార్లు చెయ్యెత్తి, మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను.

అంతా అయ్యాక అన్నాడు. "సదవకుండా ఏసినాను. సదువుతా నిలబడితే ఎవురన్నా ఏమన్నా అడగతారేమోనని బెరుకు. ఆ యమ్మ ఏందో మాట్లాడతానే ఉండె, కాగితం మీదికి తల వంచుకొని. నాకు నోరు కనపడలేదు. అన్నిటికీ సరే సరే అన్నాను."

నాకు మూడేళ్ళ కోపం ఉంది, దాన్ని ఏం చేసుకోవాలో తోచలేదు.

సోమవారం పొద్దున నాతో బస్సెక్కాడు. హాస్టలు ఆఫీసులో వార్డెన్ మేడం, అద్దం వెనక ఒక క్లర్కు అమ్మాయి ఉన్నారు. నాయన నా హామీ పత్రం అడిగి తీసుకున్నాడు. నిలబడి మొదటి పేజీ మొదటి అక్షరం నుంచి పైకి చదవడం మొదలుపెట్టాడు. వినపడనివాళ్ళ గొంతు ఎంత పెద్దగా ఉంటుందో వాళ్ళకు తెలియదు. మెట్ల మీదికి అమ్మాయిలు వచ్చి నిలబడ్డారు. రెండో అంతస్తులో కిటికీలు తెరుచుకున్నాయి. మా బ్యాండుకి ఎప్పుడూ అంతమంది రాలేదు.

మేడం క్లర్కు వైపు వంగి, నోట్లో నోట్లోనే, "ఎక్కడ దొరికాడే ఈయన" అంది.

నాయన చదవడం ఆపి, "నగరి, మేడం" అన్నాడు.

మళ్ళీ చదివాడు. ఆరు గంటల గేటు దగ్గర ఆగి, "మగపిల్లోళ్ళకు ఎన్నింటికి?" అని అడిగాడు. మెట్ల మీంచి ఎవరో చెప్పారు. అది ఆయనకు అందలేదు, నేను పెదాలతో అందించాను. "సరే" అని తర్వాతి లైనుకి పోయాడు.

"అయ్యా, మీరు ఒక్క ఫోన్ చేస్తే పంపించేవాళ్ళం కదా. మూడేళ్ళలో ఒక్కసారైనా చేశారా?" అంది మేడం. ఈసారి ఆయన మొహం చూస్తూనే అంది.

నాయన కాగితం మడిచాడు.

"నాకు ఫోన్ వినపడదు, మేడం. మనిషి మాట కూడా వినపడదు. నాకు చెవుడు."

ఆ మాట ఆయన నోటివెంట రావడం నేను మొదటిసారి వినడం. అంతమంది ముందు, అంత పెద్ద గొంతుతో. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించలేదు. ఆయన పక్కకి జరిగి నిలబడాలనిపించింది, జరిగాను.

ఆయన అద్దం వెనక అమ్మాయిని పెన్ను అడిగాడు. ఆమె కంగారులో చేతికి దొరికింది ఇచ్చింది. అది ఎర్రది. గేటు లైను కొట్టేశాడు. తల్లి మాట చెల్లదన్న లైను కొట్టేశాడు. ఫోన్ లైను కొట్టేశాడు. కింద కొత్తగా సంతకం చేశాడు. కమిటీ సారు చూసుంటే ముచ్చటపడేవారు, గీతలు అంత తిన్నగా వచ్చాయి.

ముద్రించిన పత్రంలో కొట్టివేతలు చెల్లవని మేడం చెప్పింది. మొత్తానికి ఒప్పుకోవాలి, లేదా గది ఖాళీ చేయాలి. నాయన ఆమె పెదాలు చివరిదాకా చదివి, నావైపు చూశాడు. నేను పైకెళ్ళి పెట్టె సర్దుకున్నాను.

మా తిరుగుబాటు వల్ల నాకు దక్కింది రోజుకి మూడు గంటలకు పైగా బస్సు ప్రయాణం. చివరి సంవత్సరమంతా పొద్దున్నే నగరిలో ఎక్కి, కిటికీకి తల ఆనించి నిద్రపోతూ చదువు పూర్తిచేశాను. నాయన నా చదువు ఆపలేదని పెదనాయన గ్రూపులోంచి వెళ్ళిపోయాడు, ఏడాదిపాటు మా గడప తొక్కలేదు. హాస్టలు గేటు ఇప్పటికీ ఆరింటికే మూస్తున్నారని విన్నాను. ఫోన్ రూలు పక్కన మాత్రం పెన్నుతో 'వీడియో కాల్ కూడా' అని రాశారట. ఎవరు రాశారో ఎవరూ ఒప్పుకోవడం లేదట.

హాస్టలు వదిలిన వారానికి ఒక సాయంత్రం కొట్టంలో సాధన చేస్తున్నాను. అలవాటు ప్రకారం గోడ వైపు తిరిగే ఉన్నాను. భుజం మీద చెయ్యి పడింది. నాయన నన్ను రెండు చేతులతో పట్టుకుని కిటికీ వైపు తిప్పి, తను ఎదురుగా నిలబడ్డాడు. పాడమన్నట్టు గడ్డం ఎత్తాడు.

పాడాను. ఆరు కొట్టింది. పొద్దు గుంకలేదు. తాళం, తాళంచెవి. చివరి లైనుకొచ్చేసరికి నా తల మళ్ళీ వాలింది.

ఆయన చెయ్యెత్తి ఆపాడు. చుట్టూ నాలుగు మగ్గాలూ ఆడుతూనే ఉన్నాయి.

"అదే, ఆ మాట కాడే. తల దించద్దు పాపా, ఎత్తి పాడు. నాకు కనపడల్ల."

మొదట్నుంచీ మళ్ళీ పాడాను. 'సంతకం మా నాయనది' అన్నప్పుడు ఆయన కళ్ళలోకే చూశాను. ఆయన ఆ మాట ముగిసేదాకా రెప్ప వేయలేదు.

"ఇప్పుడు కనపడింది" అని, తెగిన పోగు ముడెయ్యడానికి మగ్గం మీదికి వంగాడు.